ఆ ఖాతాలు ఎవరివి?

చిరంజీవి అబ్బాయికి,

నాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. కొత్తగా మొదలుపెట్టిన వ్యాపారం కోసం సోషల్ మీడియాలో తెరిచిన పేజీని ఎవరూ చూడడం లేదని, అందుకని దాన్ని అనుసరించేవారి సంఖ్య పెంచడానికి మైక్రోటాస్క్ సైటులో (చిన్న చిన్న పనులను అపరిచితుల చేత కొద్ది డబ్బుకు చేయించుకునే చోట) "ఒక ఖాతా తెరిచి, ఫోన్ నంబరుతో ధ్రువీకరించి, పాస్‌వర్డ్ అప్పగించాలి" అంటూ రెండు వందల ఖాతాల కోసం ప్రకటన పెట్టానని రాశావు. అందరూ చేస్తున్నదే కదా అని కూడా చివర చేర్చావు. ఆ మాట మీద నీకే నమ్మకం కుదరక నాకు రాశావేమోనని నా అనుమానం.

జీవితమంతా లెక్కల పుస్తకాలు చూసినవాణ్ణి. చాదస్తమనుకున్నా సరే, ఖాతా అనగానే అది ఎవరి పేరున ఉంది, రేపు దానికి జవాబు చెప్పవలసినది ఎవరు అన్నదే నాకు ముందుగా తోస్తుంది. నువ్వు కొనబోయే ఖాతా సంగతే చూడు. దాన్ని తెరిచేది నీకు ముఖం తెలియని ఒక పనివాడు. ఓటీపీ వచ్చేది అతని ఫోనుకు. పాస్‌వర్డ్ మరిచిపోతే తిరిగి తెరిచే తాళం కూడా అతని నంబరులోనో, అతని ఈమెయిల్‌లోనో ఉంటుంది. నీకు అమ్మిన మర్నాడే అతను దాన్ని వెనక్కు తీసుకోవచ్చు, మరొకరికి మళ్లీ అమ్మవచ్చు. అప్పుడు నువ్వు ఎవరికి ఫిర్యాదు చేస్తావు? దొంగ ఖాతాలను నిషేధించిన వేదికకు చెప్పలేవు, ఇటువంటి పనులు పెట్టకూడదని నిబంధనలు రాసుకున్న సైటుకూ చెప్పలేవు. అతని వైపు నుంచి చూస్తే నష్టం ఇంకా పెద్దది. నీ చేతిలో ఆ ఖాతా ఏ తప్పు చేసినా మచ్చ పడేది అతని నంబరు మీద. నిజంగా తన కోసం ఖాతా తెరుచుకోవలసిన రోజున ఆ నంబరు పనికిరాకపోవచ్చు.

ఇక ఆ ఖాతాలకు పెట్టే పేరూ ఫొటో ఎక్కడివి? నువ్వు ఇచ్చే నాలుగు పైసలకు ఎవరూ కూర్చుని ముఖాలను సృష్టించరు, ఎక్కడ దొరికితే అక్కడి నుంచి తెచ్చుకుంటారు. డెవుమి అనే అమెరికా కంపెనీ అమ్మిన ఫాలోవర్లలో బతికున్న మనుషుల పేర్లు, ఫొటోలు అతికించిన నకిలీ ఖాతాలు ఎన్నో ఉన్నాయని 2018 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. మరుసటి ఏడాది వ్యాపార మోసాలను అరికట్టే అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కంపెనీ మీద, దాని యజమాని మీద తెచ్చిన కేసు 25 లక్షల డాలర్ల తీర్పుతో ముగిసింది. అమ్మినవాడికే కదా శిక్ష అంటావేమో. 2024 అక్టోబరులో అమలులోకి వచ్చిన ఆ కమిషన్ నిబంధన, నకిలీవని తెలిసి కూడా వ్యాపారం కోసం ఫాలోవర్లను, లైకులను కొనేవారికి సైతం వర్తిస్తుంది.

పట్టుబడననే ధైర్యం ఉంటే ఇంకొక సంగతి విను. 2013లో వెలువడిన ఒక పరిశోధన కోసం అమెరికాలోని బర్కిలీ తదితర విశ్వవిద్యాలయాల పరిశోధకులు ట్విట్టర్‌తో కలిసి, పది నెలల పాటు 27 మంది అమ్మకందారుల దగ్గర లక్షా ఇరవై వేలకు పైగా ఖాతాలను కావాలనే కొన్నారు. ఖరీదు ఒక్కొక్కదానికి కొద్ది సెంట్లే. అవి ఎలా నమోదయ్యాయో, పేర్లు ఏ పద్ధతిలో కూర్చారో పోల్చి చూస్తే ఆ అమ్మకందారులు తయారుచేసిన మిగిలిన లక్షల ఖాతాల ఆనవాళ్లు కూడా దొరికాయి, వాటిలో 95 శాతం మూతపడ్డాయి. రెండు వందల మంది అపరిచితులు ఒకే వారంలో తెరిచి, వరుసగా ఒకే పేజీని అనుసరించే ఖాతాలను గుర్తుపట్టడానికి అంత పరిశోధన కూడా అక్కరలేదనుకుంటాను.

అవి మూతపడకుండా మిగిలినా నీకు కలిగే లాభం నాకు కనిపించడం లేదు. ఆ రెండు వందలలో కొనుగోలుదారు ఒక్కడూ ఉండడు. పైగా రేపు నీ సరుకు ఫొటో నచ్చి పదిమంది నిజంగా స్పందిస్తే, వారు నువ్వు కొన్న సందడిలో కలిసిపోతారు. ఏది నచ్చిందో, ఎవరికి నచ్చిందో నీకే తెలియకుండా పోతుంది. ఇప్పుడు నీ పేజీని అనుసరిస్తున్న ముప్ఫై ఏడుగురు ఎవరో నీకు పేరుపేరునా తెలుసు. వారిలో మళ్లీ కొన్నవారెవరో, ఒక్కసారితో ఆగినవారు ఎందుకు ఆగారో అడిగి తెలుసుకున్నావా? నీ ఉత్తరంలో ఆ ఊసే లేదు.

ప్రకటనను ఈ రోజే ఆపెయ్యి. ఇప్పటికే పదకొండు మంది పని పూర్తిచేసి స్క్రీన్‌షాట్లు పంపారని రాశావు కనుక వారి సంగతి విడిగా చెబుతున్నాను. ఆ ఖాతాలు వద్దనుకున్నావు కాబట్టి డబ్బు మిగుల్చుకుందామని తిరస్కరించే మీట నొక్కకు. అటువంటి సైట్లలో ఒక్కొక్క తిరస్కారానికీ పనివాడి ఆమోద శాతం తగ్గుతుంది, ఆ శాతం తగ్గితే తర్వాత మంచి పని అతనికి కనిపించదు. పని అడిగింది నువ్వు, చేసింది వారు. పదకొండు మందికీ ఇవ్వవలసింది ఇచ్చి, ఖాతాలు వాడటం లేదనీ, తమ నంబర్ల మీద ఉన్నవాటిని తామే తొలగించుకోవాలనీ ఒక ముక్క రాయి. పాస్‌వర్డ్‌లు నింపుకున్న ఆ పట్టికను కూడా తుడిచెయ్యి.

నాన్న