యుద్ధం నడుస్తుంటే ప్రశ్నించకూడదా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. పోయిన వారం మీ పేజీలో ఉక్రెయిన్ మీద ఒక పాఠకుడి ఉత్తరం వచ్చింది. నెత్తిన బాంబులు పడుతుంటే రోడ్డెక్కి సొంత ప్రభుత్వం మీదే నినాదాలు చేసేవాళ్లు శత్రువుకు సాయం చేస్తున్నట్టేనని ఆయన రాశారు. ఆయన దేశభక్తిని నేను శంకించను. కానీ ఆ మాట నన్ను రెండు రోజులు నిలవనీయలేదు.

మా అమ్మాయి ఖార్కివ్‌లో ఎంబీబీఎస్ చదివేది. 2022 ఫిబ్రవరి 24న తెల్లారకముందే ఫోన్ చేసి "నాన్నా, పేలుళ్లు వినపడుతున్నాయి" అన్న రోజు నుంచి ఆ దేశం మా ఇంటి విషయమైపోయింది. తను అద్దెకున్న ఇంటావిడకు డెబ్బై ఏళ్లు దగ్గర పడ్డాయి. మా అమ్మాయిని, ఇంకో ఇద్దరు తెలుగు పిల్లల్ని నేలమాళిగలోకి తీసుకెళ్లి, తన దుప్పట్లు వాళ్లకు కప్పి, ఉన్న బంగాళాదుంపలతోనే ఐదు రోజులు వాళ్ల కడుపు నింపింది. సరుకుల కోసం క్యూలో నిలబడ్డ కర్ణాటక కుర్రాడు షెల్లింగ్‌లో చనిపోయింది ఆ ఊళ్లోనే, ఆ రోజుల్లోనే. మా పిల్ల ఆపరేషన్ గంగ విమానంలో ఇల్లు చేరింది. ఆవిడ అక్కడే ఉండిపోయింది. మా అమ్మాయి ఇప్పటికీ ఆవిడను బామ్మ అనే పిలుస్తుంది, వారానికోసారి వీడియో కాల్ చేస్తుంది.

2025 జూలై చివర్లో ఒక రోజు ఆ కాల్‌లో నేనూ ఉన్నాను. బామ్మ వంటింటి బల్ల మీద, సాయం కింద వచ్చిన నూనె సీసాల అట్టపెట్టెను కత్తెరతో విప్పి పరిచింది. దాని వెనక మార్కర్‌తో ఏదో రాస్తోంది. ఇంకు అయిపోయి అక్షరాలు సన్నబడితే, మీద మళ్లీ బాల్‌పెన్నుతో దిద్దుతోంది. ఏం రాస్తోందని అడిగితే మా అమ్మాయి చెప్పింది, "చట్టం వెనక్కి తీసుకోండి" అని. ఆవిడ చెల్లెలి కొడుకు అప్పటికి రెండేళ్లుగా సైన్యంలో ఉన్నాడు. బామ్మ తల ఎత్తకుండానే ఒక మాటంది. "వాడు అక్కడ కాపలా కాస్తున్నాడు. ఇక్కడ ఎవరో ఒకరు కాయాలిగా."

అసలా చట్టమేమిటో చాలామంది మనవాళ్లకు తెలియదు. బిల్లు నంబరు 12414. మొదట్లో అది యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయినవాళ్ల కేసులు ఎలా దర్యాప్తు చేయాలన్న బిల్లు. కొడుకు బతికున్నాడో లేదో తెలియని తల్లులకు పనికొచ్చే బిల్లన్న మాట. దాంట్లోకి ఆఖరి ఘడియల్లో వేరే సవరణలు దూర్చారు. అవినీతి కేసులు చూసే జాతీయ బ్యూరో నాబు, ఆ కేసులను కోర్టులో నడిపే ప్రత్యేక ప్రాసిక్యూటర్ కార్యాలయం, ఈ రెండిటినీ ప్రాసిక్యూటర్ జనరల్ చేతి కిందికి తెచ్చే సవరణలవి. ఆ పదవిలో ఎవరుండాలో ప్రతిపాదించేది అధ్యక్షుడు. జూలై 22న పార్లమెంటులో 263 ఓట్లతో బిల్లు పాసైంది. అదే రోజు జెలెన్‌స్కీ సంతకం పెట్టేశారు. తప్పిపోయిన సైనికుల పేరు మీద వచ్చిన కాగితంలో పెద్దవాళ్ల అవినీతికి కవచం పెట్టడం నాకైతే చాలా బాధ కలిగించింది.

నాబు సామాన్యమైన సంస్థ కాదు. 2013 నవంబరు నుంచి 2014 ఫిబ్రవరి దాకా కీవ్ నడిబొడ్డున మైదాన్ కూడలిలో చలిలో నిలబడి, వంద మంది దాకా ప్రాణాలు పోగొట్టుకుని, అప్పటి అధ్యక్షుడు యనుకోవిచ్‌ను దేశం విడిచి పారిపోయేలా చేసిన ఉద్యమం తర్వాత 2015లో పుట్టిన సంస్థ అది. జనం నెత్తురు పోసి తెచ్చుకున్నది. అందుకే ఒక్క రాత్రి కూడా ఆగలేదు వాళ్లు. యుద్ధంలో పనిచేసి వచ్చిన ఒక మాజీ సైనికుడు అట్టముక్కలు పట్టుకు రమ్మని సోషల్ మీడియాలో పిలిస్తే, సాయంత్రానికి కీవ్‌లో అధ్యక్ష కార్యాలయానికి దగ్గర్లో ఉన్న ఇవాన్ ఫ్రాంకో థియేటర్ ముందు జనం చేరారు. ల్వీవ్, ద్నిప్రో, ఒడెసాల్లోనూ అంతే. ఎక్కువమంది ఇరవై ఏళ్ల పిల్లలు. కృత్రిమ కాళ్లతో వచ్చిన మాజీ సైనికులూ ఉన్నారు. గట్టిగా వినపడిన నినాదం "హన్బా". సిగ్గుచేటు అని అర్థం. పూర్తి స్థాయి యుద్ధం మొదలయ్యాక ప్రభుత్వం మీద జనం అంత పెద్ద ఎత్తున వీధుల్లోకి రావడం అదే మొదటిసారి.

మార్షల్ లా ఉన్నప్పుడు సభలూ ఊరేగింపులూ నిషేధమే. ఆ సంగతి వాళ్లకు తెలుసు. కీవ్‌లో అర్ధరాత్రి నుంచి కర్ఫ్యూ కాబట్టి ఆలోపే ఇళ్లకు వెళ్లిపోయేవారు, మర్నాడు సాయంత్రం మళ్లీ వచ్చేవారు. ప్రభుత్వం దిగిపోవాలన్నది వాళ్ల డిమాండు కాదు, లొంగిపోదామని ఒక్కరూ అనలేదు. పోలీసులూ లాఠీలకు పని చెప్పలేదు.

మీ పాఠకుడి భయం ఉత్తదని నేననను. అంత జనం ఒకచోట చేరితే ఒక్క క్షిపణి చాలు. సొంత ప్రజలే ప్రభుత్వాన్ని తిడుతున్నారని శత్రువు ప్రచారం చేసుకుంటాడు, అదీ నిజమే. నాబులో రష్యా మనుషులు దూరారని, దాన్ని శుభ్రం చేయడానికే ఈ చట్టమని ప్రభుత్వం చెప్పింది కూడా. అలా ఎవరైనా ఉంటే పట్టుకుని కోర్టులో నిలబెట్టాలి. దానికి సంస్థ మెడకే తాడు వేయడమెందుకు?

తర్వాత ఏమైందో చూడండి. రెండే రోజుల్లో అధ్యక్షుడు కొత్త బిల్లు పంపారు. ఓటేసినందుకు కొందరు ఎంపీలు బాహాటంగా క్షమాపణ చెప్పారు. జూలై 31న పార్లమెంటు 331 ఓట్లతో ఆ సంస్థల స్వతంత్రతను తిరిగి ఇచ్చింది, వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు. యూరోపియన్ యూనియన్ ఒత్తిడి కూడా పనిచేసింది, కాదనను. కానీ ముందు కదిలింది అట్టముక్కలే. ఆ జూలై 31 తెల్లవారుజామునే కీవ్ మీద రష్యా దాడి చేస్తే తొమ్మిదంతస్తుల భవనం ఒక భాగం కుప్పకూలింది. ఆ ఒక్క రోజు దాడిలో 30 మందికి పైగా చనిపోయారు. శవాలు వెలికితీస్తున్న రోజే ఆ ఓటింగ్ జరిగింది. బాంబులు పడుతున్నాయి కాబట్టి మిగతావన్నీ తర్వాత చూద్దామని వాళ్లు అనుకోలేదు.

అదే యుద్ధంలో అవతలి దేశం సంగతి కూడా చెప్పాలి. రష్యాలో 2022 మార్చి 4న చట్టం తెచ్చారు. సైన్యం గురించి ప్రభుత్వానికి నచ్చని మాట చెబితే 15 ఏళ్ల దాకా జైలు. ఏమీ రాయని తెల్లకాగితం పట్టుకుని నిలబడ్డవాళ్లను కూడా పోలీసులు ఎత్తుకెళ్లారు. మాస్కోలో అలెక్సీ గోరినోవ్ అనే స్థానిక కౌన్సిల్ సభ్యుడు, ఉక్రెయిన్‌లో పిల్లలు చనిపోతుంటే మనం ఇక్కడ పిల్లలకు బొమ్మలు గీసే పోటీ ఎలా పెడతామని మీటింగులో అడిగినందుకు ఏడేళ్ల శిక్ష పడింది. మీ పాఠకుడు కోరుకున్న నిశ్శబ్దం అక్కడుంది. అడిగేవాడు లేకపోబట్టే అక్కడి తల్లులు కొడుకులను ఎందుకు పోగొట్టుకుంటున్నారో తెలుసుకోలేకపోతున్నారు.

ఇక నవంబరు. 2025 నవంబరు 10న నాబు ఒక కేసు బయటపెట్టింది. అణు విద్యుత్ సంస్థ ఎనర్గోఆటోమ్ కాంట్రాక్టర్ల దగ్గర 10 నుంచి 15 శాతం ముడుపులు తీసుకున్నారని, మొత్తం సుమారు 10 కోట్ల డాలర్లని ఆరోపణ. రష్యా దాడులతో కరెంటు పోయి జనం చీకట్లో, చలిలో కూర్చున్న రోజులవి. ఇద్దరు మంత్రుల పదవులు పోయాయి. నెలాఖరుకు అధ్యక్షుడి కుడిభుజం లాంటి యెర్మాక్ ఇంట్లో సోదాలు జరిగాయి, ఆయన అదే రోజు రాజీనామా చేశారు. కోర్టులో ఏది నిలుస్తుందో ముందు ముందు తేలుతుంది. కానీ ఆ దర్యాప్తు పదిహేను నెలలుగా సాగిందని నాబు చెప్పింది. అంటే జూలైలో ఆ చట్టం వచ్చేనాటికే ఫైలు నడుస్తోంది. చట్టం అలాగే ఉండిపోయి ఉంటే ఆ ఫైలు ఏ బీరువాలోకి పోయేదో ఆలోచించండి.

నేను ముప్పై ఏళ్లు సోషల్ పాఠాలు చెప్పినవాణ్ణి. 1962 పాఠం చెప్పేటప్పుడు పిల్లలకు ఒక తేదీ తప్పకుండా రాయించేవాణ్ణి. చైనాతో యుద్ధం నడుస్తుండగానే, కాల్పుల విరమణకు రెండు వారాల ముందే, నవంబరు 7న కృష్ణమీనన్ మంత్రి పదవి వదులుకోవాల్సి వచ్చింది. పట్టుబట్టినవాళ్లలో సొంత పార్టీ ఎంపీలూ ఉన్నారు. సైనికులకు చలికోట్లు, సరైన తుపాకులు ఎందుకు లేవని దేశమంతా అడిగింది. వాళ్లెవరినీ మనం చైనా మనుషులని అనలేదు కదా.

మీకు ఒక విన్నపం. 2025 జూలైలో ఈ వార్త మన తెలుగు పేపర్లలో నాకు కనపడింది రెండు మూడు పేరాలే. ఎన్ని డ్రోన్లు వచ్చాయి, ఎన్ని కూల్చారు అన్న లెక్క మాత్రం రోజూ వస్తోంది. మన జిల్లాల నుంచి వేల మంది పిల్లలు చదువుకున్న దేశం అది. అక్కడి కోర్టుల్లో ఈ కేసు ఏ దశలో ఉందో, జనం ఏం అడుగుతున్నారో కూడా అప్పుడప్పుడు వేయండి. మా అమ్మాయి చదివి బామ్మకు ఫోన్లో చెబుతానంటోంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తెనాలి.