కాళ్లు సాగదీస్తే నడక రాదు

సంపాదకుడు గారికి,

సెరిబ్రల్ పాల్సీ (ఎదిగే మెదడుకు జరిగిన హాని వల్ల కదలికలు, నిలకడ దెబ్బతినే స్థితి) ఉన్న పిల్లలకు ఫిజియోథెరపీ అంటే చాలాచోట్ల ఇప్పటికీ బిడ్డను పడుకోబెట్టి కాళ్లు సాగదీయడమే. గంట అయిపోతుంది. ఆ గంటలో బిడ్డ తనంతట తాను ఒక్కసారి కూడా లేచి నిలబడదు. నిలబడితేనే నిలకడ వస్తుంది, నడిస్తేనే నడక వస్తుంది. ఆస్ట్రేలియా పరిశోధకురాలు అయోనా నోవాక్ బృందం 2020లో ప్రచురించిన సమీక్ష కూడా, ఏ పని రావాలో ఆ పనినే బిడ్డ స్వయంగా పదేపదే చేసే సాధనకే పచ్చజెండా ఊపింది.

కూర్చుని లేవడాన్నే తీసుకోండి. అరికాళ్లు పూర్తిగా నేలకు ఆనేలా, మోకాళ్లు తుంటి కన్నా కాస్త కిందికి ఉండేంత ఎత్తు పీట మీద కూర్చోబెట్టాలి. పాదాలు మోకాళ్ల కన్నా కొంచెం వెనక్కి ఉండాలి. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగి, అప్పుడు లేవాలి. కూర్చునేటప్పుడు దబ్బున కూలబడకుండా మూడు లెక్కపెట్టేంతసేపు తీసుకోవాలి. ఎనిమిది నుంచి పదిసార్లు ఒక విడత. మధ్యలో కాస్త విశ్రాంతితో మూడు విడతలు, వారానికి మూడు రోజులు. తేలికైపోతే పీట ఎత్తు తగ్గించాలి.

ఇక్కడ పెద్దలు తరచూ చేసే పొరపాటు, రెండు చేతులూ పట్టి పైకి లాగడం. లాగగానే బిడ్డ వెనక్కి వాలుతుంది, కాళ్లు బిగుసుకుంటాయి, మడమలు లేస్తాయి. బరువు పాదాల మీదికి రానే రాదు. దానికి బదులు మోకాళ్ల మీద అరచేతులు ఆనించి మడమల వైపు నొక్కి పట్టుకుంటే చాలు.

బ్యాలెన్స్ సాధనలో బొమ్మను చేతికి అందీ అందనట్టు పక్కకు పెట్టాలి. అందుకోబోయి తూలి, మళ్లీ తమాయించుకోవడంలోనే అసలు నేర్చుకోవడం ఉంది. నడుం పట్టుకుని నిలబెడితే ఆ పని పట్టుకున్నవాళ్లే చేసేస్తారు. వెనక చేతులు సిద్ధంగా ఉంచండి, ఆనించకండి.

స్ప్లింట్ (పాదాన్ని, చీలమండను సరైన తీరులో పట్టి ఉంచే తొడుగు) వేసుకునే పిల్లల పాదాలు రోజూ చూడాలి. తీసిన అరగంటకు కూడా ఎర్రమచ్చ పోలేదంటే అది ఒరుసుకుంటోందని అర్థం; సరిచేయించే దాకా వేయకూడదు.

పిల్లలందరూ స్వతంత్రంగా నడవలేరు. కదలిక సామర్థ్యాన్ని కొలిచే ఐదు స్థాయుల్లో నాలుగు, ఐదు స్థాయుల పిల్లలకు ఎక్కువగా చక్రాల కుర్చీయే ఆధారం. వాళ్లకు తుంటి కీలు జారుతోందేమో క్రమం తప్పకుండా ఎక్స్‌రేతో చూడటం ముఖ్యం. నడక ఆశ చూపించి ఏళ్ల తరబడి తిప్పించుకోవడం ఆ తల్లిదండ్రులకు చేసే అన్యాయం.

థెరపీ కేంద్రాలను మేం అడిగేది ఇదీ: ఎన్ని సిట్టింగులు అయ్యాయో కాదు, ఏం మారిందో రాయండి. పది మీటర్లు నడవడానికి ఎన్ని సెకన్లు, ఒంటికాలిపై ఎన్ని సెకన్లు, పీట ఎత్తు ఎంత - ఈ మూడు అంకెలు రెండు నెలలకోసారి కొలిచి, ఇంట్లో చేయించాల్సిన సాధనతో పాటు ఒక కాగితం మీద తల్లిదండ్రుల చేతికివ్వాలి. అదే కాగితం నకలు బడికీ వెళ్లాలి. అప్పుడు తరగతిలో బల్ల దగ్గర లేచి నిలబడే ప్రతిసారీ బిడ్డకు సాధనే అవుతుంది.

ఇట్లు,
పిల్లల ఫిజియోథెరపిస్టులు