అమ్మకు, లీడ్స్ నుంచి

లీడ్స్,
శనివారం రాత్రి

అమ్మకు,

ప్రభువు నామంలో వందనాలు.

వచ్చే నెల స్త్రీల కూడికలో నోటి మాట గురించి వాక్యం చెప్పమని పాస్టరు అయ్యగారు నిన్ను అడిగారనీ, నాకు తోచింది రాసి పంపమనీ అన్నావు. ఫోన్లో చెబితే నువ్వు రాసుకోలేవు, డ్యూటీ హడావిడిలో నేను సరిగ్గా చెప్పలేను. అందుకే తీరిగ్గా కూర్చుని ఉత్తరమే రాస్తున్నాను. ఇందులో కూడికకు పనికొచ్చేవీ ఉన్నాయి, మన ఇంటికి మాత్రమే సంబంధించినవీ ఉన్నాయి. తమ్ముడి సంబంధం సంగతి దగ్గర్నుంచి అక్కడ చదవకు.

నువ్వు యాకోబు పత్రిక 3వ అధ్యాయం తీసుకుంటానన్నావు. మంచి భాగమే. కానీ నాలుక అగ్ని అని చదవగానే కూర్చున్న ప్రతి ఒక్కరికీ పక్కింటావిడ నాలుకే గుర్తుకొస్తుంది. నన్నడిగితే మత్తయి 5వ అధ్యాయంలో ఒట్టు పెట్టుకోవద్దని ప్రభువు చెప్పిన భాగం తీసుకో, 33 నుంచి 37 వరకు. "మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అని యుండవలెను." యాకోబు కూడా తన 5వ అధ్యాయంలో దాదాపు ఇదే చెప్పాడు కాబట్టి నీ యాకోబును పూర్తిగా వదులుకోనక్కర్లేదు.

ఆ కాలంలో ఆకాశం తోడని, భూమి తోడని, యెరూషలేము తోడని, చివరికి తన తల తోడని ఒట్టు పెట్టుకునేవాళ్ళు. దేవుని పేరు ఎత్తలేదు కదా, తప్పినా ఫరవాలేదన్న ధీమా. మత్తయి 23లో ప్రభువు దీన్నే ఇంకా విడమరిచి చెప్పాడు. దేవాలయం తోడంటే లెక్కలేదట, దేవాలయంలోని బంగారం తోడంటే మాత్రం కట్టుబడాలట! అంటే మాటల్లో తరగతులు పెట్టుకున్నారన్నమాట. ప్రభువు ఆ తరగతులన్నీ కొట్టేశాడు. ఆకాశం దేవుని సింహాసనం, భూమి ఆయన పాదపీఠం, నీ తల మీద ఒక్క వెంట్రుకను కూడా నువ్వు తెల్లగా గానీ నల్లగా గానీ చేయలేవు. అలాంటప్పుడు ఆయన వినని మాట ఏముంటుంది? మన దగ్గర "దేవుడి తోడు", "అమ్మ తోడు", "బైబిల్ పట్టుకుని చెబుతున్నా" అనేవాళ్ళు సంఘంలోనే ఎంతమంది! బైబిల్ పట్టుకుంటేనే నిజమైతే, పట్టుకోకుండా మాట్లాడినవన్నీ ఏమిటని వాళ్ళని నెమ్మదిగా అడుగు.

ఇంకో సంగతి తప్పకుండా చెప్పు, మనవాళ్ళలో చాలామందికి తెలియదు. ఈ మాట తెలుగులో అచ్చు కావడానికి మన విశాఖపట్నంలోనే పని జరిగింది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ అనే ఇద్దరు మన ఊరికి వచ్చారు. తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తలు అనువదించారు. క్రాన్ 1809లో, డెస్‌గ్రాంజెస్ 1810లో చనిపోయారు. వాళ్ళ మత్తయి, మార్కు, లూకా సువార్తలు బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యేసరికి 1812 వచ్చింది. ఇద్దరూ ఆ పుస్తకం కళ్ళ చూడలేదు. కురుపాం మార్కెట్, పాత పోస్టాఫీసు వైపు వెళ్ళినప్పుడల్లా నాకు వాళ్ళే గుర్తొస్తారు. అంత కష్టపడి మన చేతిలో పెట్టిన మాటను మనం పెళ్ళి కార్డుల మీద వేసుకోవడానికే వాడుకుంటే ఎలా?

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. విశ్వాసులం పెద్ద పెద్ద అబద్ధాలు ఆడడానికి భయపడతాం. మన అబద్ధాలు భక్తి మాటల్లో దాక్కుంటాయి. నాకు ఎక్కువ బాధగా అనిపించేది ఇదే.

ప్రార్థన అంశాలే చూడు. "సిస్టర్స్, ఒక అమ్మాయి కోసం భారంగా ప్రార్థన చేయండి. పేరు చెప్పకూడదు గానీ, మన మూడో వీధిలోనే, భర్తను వదిలేసి పుట్టింటికి వచ్చేసింది..." ఆమెన్ అనేలోపు ఆ అమ్మాయి ఎవరో జ్ఞానాపురం మొత్తానికి తెలిసిపోతుంది. ఆ అమ్మాయి ప్రార్థన చేయమని అడిగిందా? అడిగితే, ఎంతవరకు చెప్పమందో అంతవరకే చెప్పాలి. అడగకపోతే "ఒక కుటుంబం" అంటే చాలు, ఏ కుటుంబమో దేవునికి తెలుసు. మోకాళ్ళ మీద చెప్పినంత మాత్రాన చాడీ ప్రార్థన అయిపోదమ్మా. ఇది చెబితే ఒకరిద్దరు నీ మీద అలగవచ్చు. అయినా చెప్పు.

అలాగే "దేవుడు నడిపించడం లేదు" అనే మాట. వీబీఎస్‌లో, అదే సెలవుల్లో పెట్టే బైబిల్ బడిలో, పిల్లలకు పాఠం చెప్పమంటే "ప్రార్థన చేశాను, దేవుడు నడిపించడం లేదు" అంటారు. నాకు కుదరదు, ఓపిక లేదు అంటే ఎవరూ ఏమీ అనరు కదా! మన అయిష్టాన్ని తీసుకెళ్ళి ఆయన పేరు మీద వేయడం చిన్న విషయం కాదు. దేవుని నామాన్ని వ్యర్థంగా ఉచ్చరించకూడదన్న ఆజ్ఞ తిట్ల గురించి మాత్రమే అనుకుంటాం. నాకైతే ఆ ఆజ్ఞ ఇక్కడే ఎక్కువ తగులుతుందనిపిస్తుంది.

"ప్రార్థన చేస్తాను" అని చెప్పి మర్చిపోవడం గురించి నువ్వే చెప్పగలవు. ఈ విషయంలో నాన్న పద్ధతి నాకెంతో ఇష్టం. ఎవరైనా కష్టం చెప్పుకుంటే కాంప్లెక్సులో బస్సు కోసం నిలబడి ఉన్నా సరే, అక్కడికక్కడే కళ్ళు మూసుకుని నాలుగు మాటలు ప్రార్థన చేసేస్తారు. కుదరకపోతే "గుర్తుంటే చేస్తానమ్మా" అంటారు. "గుర్తుంటే" అన్నందుకు ఆయన్ని తక్కువ భక్తిపరుడనుకున్నవాళ్ళు ఉన్నారు. నేను మాత్రం ఆయన నోటి నుంచి వచ్చిన అవునును ఎప్పుడూ నమ్మాను.

హృదయం గురించి కూడా చెప్పాలి. "ఈ ప్రజలు తమ పెదవులతో నన్ను ఘనపరచుదురు గాని వారి హృదయము నాకు దూరముగా ఉన్నది" అని యెషయా అన్నాడు, ప్రభువు దాన్నే పరిసయ్యులతో మళ్ళీ అన్నాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది, ఆదివారం. తర్వాతి ఆదివారం, కరెంటు లేని గుడిలో అందరూ వరసగా "స్తోత్రం ప్రభువా, నీ కృప" అని ప్రార్థిస్తుంటే, చేపలమ్మే మామ్మ లేచి "ప్రభువా, నా రేకులన్నీ ఎగిరిపోయాయి, నాకు నీ మీద కోపంగా ఉంది, నేనెక్కడ పడుకోవాలి" అని ఏడ్చింది. వెనక కొందరు గొణుక్కున్నారు, నీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజు గుడిలో చేసిన ప్రార్థనలన్నిటిలో నాకు ఇప్పటికీ గుర్తున్నది అదొక్కటే. దావీదు 13వ కీర్తనలో "యెహోవా, ఎన్నాళ్లవరకు" అని అడిగింది కూడా అలాంటి మాటే కదా. దేవుని దగ్గర నటించడం అలవాటైన నోరు మనుషుల దగ్గర నిజం పలుకుతుందా అమ్మా?

ఇక్కడి సంగతి ఒకటి రాస్తాను, వినేవాళ్ళకు ఆసక్తిగా ఉంటుంది. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండులో క్వేకర్లు అనే క్రైస్తవులు బయల్దేరారు. జార్జ్ ఫాక్స్ అనే ఆయన మొదలుపెట్టాడు. మత్తయి 5ను వాళ్ళు ఉన్నది ఉన్నట్టు పట్టుకుని కోర్టులో కూడా ప్రమాణం చేయబోమన్నారు. అందుకు జైళ్ళకు వెళ్ళారు, ఆస్తులు పోగొట్టుకున్నారు. చివరికి 1696లో, ఒట్టు లేకుండా "నిజమే చెబుతాను" అంటే చాలని వాళ్ళ కోసం చట్టం చేయాల్సి వచ్చింది. అంగట్లో కూడా అంతే. ఒక ధర చెప్పి ఇంకో ధరకు అమ్మితే మొదటి మాట అబద్ధం అవుతుందని, అందరికీ ఒకటే ధర పెట్టారు. చిన్నపిల్లను పంపినా మోసపోదని జనం వాళ్ళ కొట్లకే వెళ్ళేవాళ్ళట. మా చిన్నప్పుడు తెచ్చిపెట్టేదానివే, కిట్‌క్యాట్, దాన్ని 1935లో మొదట చేసిన రౌంట్రీ కంపెనీ కూడా క్వేకర్ల కుటుంబం పెట్టిందే. ఆ ఊరు యార్క్, ఇక్కడికి అరగంట రైలు దూరం.

అలాగని పూర్ణా మార్కెట్లో బేరమాడడం పాపమని నేననను. అక్కడ చెప్పే ధర చివరి ధర కాదని ఇద్దరికీ తెలుసు, అందులో మోసం లేదు. "కొన్న రేటుకే ఇస్తున్నానమ్మా" అన్నాడనుకో, అది వేరే లెక్క.

నా వార్డులో ఈ మధ్య జరిగింది కూడా చెప్పవచ్చు, ఊరూ పేరూ లేకుండా. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన నర్సు ఒకామె రాత్రి డ్యూటీలో ఒక పేషెంటు మాత్ర పక్క బెడ్ ఆమెకు ఇచ్చేసింది. ఏ హానీ జరగలేదు, ఎవరూ చూడలేదు. తనే ఇన్‌ఛార్జికి చెప్పి, డాక్టరుకు ఫోన్ చేసి, తెల్లారాక ఆ పేషెంటు దగ్గర కూర్చుని జరిగింది చెప్పి క్షమించమంది. వైద్యంలో పొరపాటు వల్ల పేషెంటుకు చెప్పుకోదగ్గ హాని జరిగితే ఆస్పత్రి దాచకుండా చెప్పి క్షమాపణ అడగాలని ఇంగ్లండులో 2014 నుంచి చట్టం ఉంది. హాని జరగలేదు కాబట్టి ఆ రాత్రి ఆ చట్టం ఆమెను బలవంతపెట్టలేదు. లోపల ఉన్నదే ఆమెను నడిపించింది. ఇక్కడివాళ్ళందరూ ఇంతేనని మాత్రం అనుకోకు, పైపై మాటలు ఇక్కడా బోలెడు.

కూడికకు ఇంతవరకు చాలు. ఇక మన ఇంటి సంగతి.

అనకాపల్లి సంబంధం వాళ్ళతో తమ్ముడి ఉద్యోగం పర్మనెంట్ అని చెబుదామని పెద్దమ్మ అంటోందట. "రేపో మాపో అవుద్ది కదా, ఇప్పుడే చెబితే ఏటైపోద్ది" అందని తమ్ముడు చెప్పాడు. లేదంటే "కంపెనీలో చేస్తున్నాడు" అని ఊరుకుంటే చాలని నువ్వు అన్నావట. అమ్మా, రెండోది కూడా వద్దు. అబ్రాహాము శారాను చెల్లెలని చెప్పినప్పుడు అది పూర్తి అబద్ధం కాదు, తండ్రి వైపు చెల్లెలే. అయినా ఆ సగం నిజం అబీమెలెకు రాజు ఇంటికి ఎంత ప్రమాదం తెచ్చిందో ఆదికాండము 20లో చదువు. విశ్వాసుల తండ్రిని ఒక అన్యుడు నిలదీసే పరిస్థితి వచ్చింది. ఆ పిల్ల ఒక జీతాన్ని, ఒక భద్రతను లెక్కేసుకుని మన ఇంటికి వస్తుంది. ప్రధానం అయ్యాక తెలిస్తే వాళ్ళు వెనక్కి పోలేరు. ఆ తర్వాత మనం చెప్పే ఏ మాటనూ ఆ పిల్ల నమ్మదు, నమ్మాల్సిన పనీ లేదు. కాంట్రాక్టు అని, జీతం ఇంత అని, పర్మనెంట్ అవుతుందన్న ఆశ ఉంది గానీ గ్యారంటీ లేదని నాన్నే వాళ్ళతో మాట్లాడాలి. మధ్యవర్తి ద్వారా వద్దు. 15వ కీర్తనలో "ప్రమాణము చేయగా నష్టము కలిగినను మాట తప్పడు" అని ఉంది. సంబంధం తప్పిపోతే నష్టమే, నాకు తెలుసు. తమ్ముడికి ముప్ఫై దాటాయని నీ టెన్షన్ కూడా నాకు తెలుసు.

ఇంకొకటి. జనవరిలో నాన్నకు స్టెంట్ వేసిన సంగతి నాకు చెప్పలేదు. నేను ఫోన్ చేసిన ప్రతిసారీ "నాన్న బాగున్నారు, పడుకున్నారు" అన్నావు. దూరంలో ఉన్నదాన్ని, ఒంటరిగా ఏడుస్తానని దాచావు. ప్రేమతోనే దాచావు, అందులో నాకు అనుమానం లేదు. వైజాగ్‌లో పనిచేసేటప్పుడు "ఆయనకు చెప్పకండి సిస్టర్" అని బతిమాలే ఇంటివాళ్ళను రోజూ చూశాను. మంచంలో ఉన్నాయనకు అన్నీ తెలుసు, ఇంటివాళ్ళకూ తెలుసు, ఒకరి ముందొకరు నవ్వుకుంటూ ఎవరికి వాళ్ళు విడిగా ఏడ్చేవాళ్ళు. మన ఇల్లు అలా కాకూడదు. ఇప్పుడు నువ్వు "అందరం బాగున్నాం" అన్నప్పుడల్లా నాకు నమ్మాలో లేదో తెలియడం లేదు, రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. చెడ్డ వార్త అయినా నీ నోటితో వింటే భరించగలను. "ప్రేమ గలిగి సత్యము చెప్పుచు" అని పౌలు ఎఫెసీయులకు రాసిన మాటలో ప్రేమా ఉంది, సత్యమూ ఉంది. నాకు రెండూ కావాలి.

అందుకని సోమవారం నాన్న చెకప్ అయ్యాక డాక్టరు గారు ఏమన్నారో ఆయన అన్నట్టే చెప్పు, రిపోర్టులు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. నాన్న మందులు సరిగ్గా వేసుకోకపోతే అదీ చెప్పు. అనకాపల్లి వాళ్ళతో మాట్లాడాక వాళ్ళు అవునన్నారో కాదన్నారో రాయి. తమ్ముడికి ఈ ఉత్తరం చూపించు, పెద్దమ్మకు నా వందనాలు చెప్పు. డబ్బులు ఒకటో తారీఖున పంపుతాను.

నీ కూతురు