మగవాళ్ల మరుగుదొడ్డిలోనూ ఒక మూతబుట్ట

సంపాదకులకు నమస్కారం.

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగువాళ్లు ప్రోస్టేట్ (మగవాళ్లకి మూత్రాశయం కింద ఉండే గ్రంథి) ఆపరేషన్‌కి బరంపురమో విశాఖో వెళ్లొస్తారు. ఆపరేషన్‌లో పెట్టిన మూత్రం గొట్టం తీసాక చాలామందికి దగ్గినా, కుర్చీలోంచి లేచినా మూత్రం చుక్కలు పడతాయి. జాగ్రత్తల కాగితం ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. అది చదవలేని పెద్దాయన దాన్ని మందుల సంచిలో పడేసి, నీళ్లు తాగడం మానేస్తాడు. దాంతో మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని రేపుతుంది, మలబద్ధకం తోడై కారడం ఇంకా పెరుగుతుంది. డాక్టరు వద్దంటే తప్ప రోజుకి లీటరున్నర నుంచి 2 లీటర్లు తాగాల్సిందే. తగ్గించాల్సింది టీ, కాఫీ.

అసలు మందు కటి కండరాల, అంటే మూత్రాశయాన్ని కింది నుంచి మోసే కండరాల వ్యాయామం. గొట్టం ఉన్నన్నాళ్లు చెయ్యకూడదు. గ్యాస్ పోకుండా ఆపుకున్నట్టు లోపలికి బిగించాలి. సరిగ్గా పడితే వృషణాలు కాస్త పైకి లేస్తాయి, అద్దంలో చూసుకోవచ్చు. 5 సెకన్లు బిగింపు, 5 సెకన్లు పూర్తిగా వదులు. ఇలా 10 సార్లు, రోజుకి 3 పూటలు. మెల్లగా 10 సెకన్లదాకా పెంచాలి. పిర్రలు, తొడలు బిగిస్తే ఫలితం లేదు. ఊపిరి బిగబడితే పొట్ట ఒత్తిడంతా కిందికే దిగి ఉన్నదీ కారిపోతుంది. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడం రోజూ చేసే వ్యాయామం కాదు. దగ్గబోయే ముందు, లేవబోయే ముందు బిగించడం మాత్రం అలవాటు చేసుకోవాలి. గ్రంథి మొత్తం తీసినవాళ్లకి కుదుటపడటానికి ఏడాది పట్టొచ్చు. మూత్రం పూర్తిగా ఆగిపోయినా, జ్వరం వచ్చినా, గడ్డలుగా రక్తం పడినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

భార్యతో కూడా చెప్పుకోని భయం ఇంకొకటుంది. మూత్రనాళం గుండా గ్రంథిని చెక్కే ఆపరేషన్ తరవాత చాలామందికి వీర్యం బయటికి రాక మూత్రాశయంలోకి వెళ్తుంది. ఆపైన పోసిన మూత్రం తెల్లగా ఉంటుంది. దీనివల్ల హాని లేదు, మగతనం పోయినట్టూ కాదు. పిల్లలు కావాలనుకునేవాళ్లు మాత్రం ఆపరేషన్‌కి ముందే డాక్టరుకి చెప్పాలి. క్యాన్సర్‌కి గ్రంథి మొత్తం తీస్తే సంగతి వేరు: పక్కనున్న నరాలు ఎంతవరకు మిగిలాయో దాన్నిబట్టే అంగస్తంభన తిరిగొస్తుంది. అలాగని మందుల షాపులో సిల్డెనాఫిల్ (అంగస్తంభనకి వేసుకునే మాత్ర) అడిగి కొనేయకండి. గుండెనొప్పికి నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకునేవాళ్లకి రెండూ కలిస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. మగతనం పెంచుతామనే ప్రకటనల్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. పత్రికలవారికి గుర్తుచెయ్యక తప్పడంలేదు.

ఇక మున్సిపాలిటీలకి ఒక మాట. కారే మూత్రానికి పెట్టుకున్న ప్యాడ్ తడిసాక మరుగుదొడ్డిలో పడేస్తే పైపు మూసుకుపోతుంది. పారేసే చోటు లేక మనిషి దాన్ని పాత పేపర్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని ఇంటిదాకా మోస్తున్నాడు. బస్టాండుల్లో మగవాళ్ల వైపు కూడా గడియపడే గది ఒకటి, అందులో మూతబుట్ట, సంచి తగిలించుకోను ఒక కొక్కెం పెట్టించండి.

— ఫిజియోథెరపిస్టులు, గజపతి జిల్లా, ఒడిశా