మా రాణి మళ్ల దివాన్ ఎక్కుతుంది, అందరికీ థ్యాంక్స్

నల్లగొండ నుంచి రాస్తున్న. మా పిల్లి రాణి ఎట్లుందని అడిగిన ప్రతి ఒక్కరికీ దండం. సాయం చేసినోళ్లు పేర్లు పెట్టొద్దన్నరు, అందుకే రాస్తలేను, ఎవరి సంగతి వాళ్లకు తెలుస్తది.

ముందు రామగిరి దిక్కు మెడికల్ షాపు తమ్మునికి. రాణికి నొప్పులున్నయని చెప్తే ఎవరో సగం పారాసిటమాల్ వేయమన్నరు, నేను పోయి అడిగితే "ఎవరికక్కా" అన్నడు, పిల్లికి అనంగనే గోలీ మళ్ల డబ్బల పెట్టేసిండు. పిల్లి లివర్ ఆ మందును విరగ్గొట్టలేదంట, రక్తకణాలు పాడై ప్రాణమే పోతదంట. అమ్ముకుంటే రెండ్రూపాయలొచ్చేవి, అమ్మలే.

ఇగ హైదరాబాద్ డాక్టరమ్మకు ఎంత చెప్పినా తక్కువే. పిల్లి కుంటదు, అరవదు, దాచుకుంటది అని ఆమెనే చెప్పింది. ఒకప్పుడు సజ్జ మీదికి దుంకే రాణి దివాన్ ముందు నిలవడి ముందటికాలు పెట్టి మళ్ల తీసుకునేది, నడుం తిప్పి నాక్కోలేక వీపు మీద బొచ్చు ఉండలు కట్టింది. మేము వయసనుకున్నం, ఎక్సరేల రెండు మోచేతులు అరిగినయని తేలింది. 2002ల అచ్చయిన అమెరికా స్టడీల 12 ఏండ్లు దాటిన 100 పిల్లుల ఎక్సరేలు చూస్తే 90 పిల్లులకు ఇట్లాంటి అరుగుదల ఉందంట, మనకెవరు చెప్పిండ్రు ఇన్నేండ్లు!

నెట్ల కీళ్లకు స్టెమ్ సెల్స్ (వేరే రకం కణాలుగ మారగలిగే మూలకణాలు) ఇస్తరని చదివి నేను ఎగిరి గంతేసిన. ఆమె కూసోబెట్టి చెప్పింది, ఒంట్ల కొవ్వు కొంచెం తీసి అందులకెళ్లి కణాలు వేరుజేసి కీలుల ఇస్తరు, వాపు తగ్గిస్తది గానీ అరిగిన మెత్తటి ఎముక కొత్తగా మొలుస్తదని ఆశ పెట్టుకోవద్దు, కుక్కలు గుర్రాల మీద చూసినంత పిల్లుల మీద చూడలేదు అని. పైసలు గుంజాలంటే గుంజొచ్చు కదా, ఆ మాట చెప్పినందుకే ఈ పోస్టు రాస్తున్న. ఆఖరికి పీఆర్‌పీ చేసింది, అంటే దాని రక్తంలకెళ్లే ప్లేట్‌లెట్లు ఎక్కువున్న రసం తీసి కీలుకు ఇచ్చుడు. మత్తు ఇచ్చి, మెడ కాడ రక్తం తీసి మెషిన్ల గిరగిర తిప్పితే ఎర్రది అడుగుకు దిగి పైన లేత పసుపు నీళ్లు తేలినయి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న ఆ భాగాన్నే మోచేతి బొచ్చు గీకి కీలులకు ఎక్కించింది. అండ్ల ఉండే గ్రోత్ ఫ్యాక్టర్లు, అంటే కణాలను పెరగమని చెప్పే పదార్థాలు, కీలు తేరుకోనీకి పనికొస్తయంట. 2022ల అమెరికాల మందులకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ ఒప్పుకున్న ఫ్రునెవెట్‌మాబ్ అని నెలకొక ఇంజెక్షన్ కూడా ఉందంట, కానీ అది నొప్పిని ఆపేదే, కీలును బాగుచేసేది కాదు అన్నది.

ఇప్పుడు దివాన్ ఎక్కుతుంది, వీపు నున్నగయింది. అంతా పీఆర్‌పీ మహిమే అని నేననను, బరువు కూడా తగ్గించినం, పక్కింటి బాబాయ్ చెక్కలు కొట్టి దివాన్‌కు మెట్లు చేసిండు, రాణి దొడ్డికి పోయే ఇసుక టబ్బు ఒక పక్క కోసి గడప తగ్గించిండు. బాబాయ్, నీకు పిల్లులంటే పడదని నాకు తెల్సు, అయినా చేసినవ్.

దారి పొడుగునా రాణి ఒర్లుతుంటే ఒక్క మాట అనని మన ఆర్టీసీ కండక్టరన్నకు కూడా థ్యాంక్స్. రాణిని తీస్కపోనీకి టీచరమ్మ ఇచ్చిన ప్లాస్టిక్ బుట్ట నా కాడనే ఉంది, వాపసియ్యపోతే ఇంకెవరికన్నా ఇయ్యి అన్నది. నల్లగొండల ఎవరికన్నా పిల్లిని దవాఖానకు తీస్కపోయేదుంటే మెసేజ్ పెట్టుండ్రి, కడిగి పెట్టిన.