ఆ రెండు రోజుల పిండి గురించి

పోయిన శని, ఆదివారాల్లో మన కొట్టులో ఇడ్లీ పిండి కొన్నవాళ్లకు ముందుగా ఒక మాట. ఆ పిండిలో వంటసోడా కలిసింది. గోడ మీద "సోడా కలపము" అని జానెడు అక్షరాలతో రాసి ఉన్న కొట్టులోనే కలిసింది. అప్పుడు నేను ఊళ్లో లేను, నాకు తెలియదు. అయినా ఆ అక్షరాలు రాయించింది నేనే కాబట్టి సంజాయిషీ కూడా నేనే చెప్పుకోవాలి.

ఊళ్లో ఎందుకు లేనో మీలో చాలామందికి తెలుసు. మా అత్తగారి అమ్మ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో ఉంటారు. ఎనభై ఆరేళ్లు. ఆవిడ భర్త అక్కడి రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. మన విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికి వెళ్లి అక్కడే ఉండిపోయిన కుటుంబాలు ఎన్నో. ఆవిడ ఉండే పేటలో కూరగాయల బేరం కూడా తెలుగులోనే సాగుతుంది. మా పాపకు ఇరవై నెలలు నిండినా ముత్తవ్వ దాన్ని చూడలేదు. "ఫోనులో చూపించింది చాలు, తెచ్చి ఒళ్లో వెయ్యండి" అని కబురు పెట్టారు. ఆ మాట తర్వాత వెళ్లకుండా ఎలా ఉంటాం?

వెళ్లాలా వద్దా అన్నది కాదు, కొట్టు సంగతే నన్ను తినేసింది. రైలు టికెట్లు 60 రోజుల ముందు ఇస్తారు. ఇచ్చిన రోజే తీసుకున్నాం. అంటే 60 రోజులపాటు రాత్రి పడుకోబోయే ముందు నాకు ఇదే లెక్క: తొమ్మిది రోజులు మూసెయ్యాలా, పనివాళ్ల మీద వదిలి తెరిచి ఉంచాలా? మా ఆయన మూసెయ్యమన్నారు. మా అత్తగారు "తాళం వేసిన కొట్టుకు చెడ్డపేరు రాదమ్మా" అన్నారు. ఒకే ఒక్క గ్రైండరుతో ఈ కొట్టు మొదలుపెట్టిన మనిషి ఆవిడ. నేను వినలేదు.

ఎందుకు వినలేదో కూడా చెబుతాను. పాప పుట్టినప్పుడు పన్నెండు రోజులు మూశాం. ఆ పన్నెండు రోజుల్లో పదకొండు ఇళ్లవాళ్లు ఫ్రిజ్‌లో పెట్టి అమ్మే ప్యాకెట్ల పిండికి అలవాటుపడ్డారు. ఏడిళ్లవాళ్లు తిరిగి వచ్చారు. నాలుగిళ్లవాళ్లు రాలేదు. ఇప్పటికీ మన వీధిలోంచే వెళుతూ, నేను కనబడితే అవతలి గోడ వైపు చూస్తారు. చూడనక్కర్లేదు, నేనేమీ అడగను. కానీ ఆ నాలుగిళ్లూ నాకు గుర్తే. అందుకే "తొమ్మిది రోజులు సెలవు" అని రాయించిన అట్టను రెండుసార్లు గుమ్మానికి కట్టి రెండుసార్లూ విప్పేశాను. రెండోసారి అట్టే చింపేశాను.

మిగతా ఏర్పాట్లన్నీ చేశాను, అవి చెప్పి విసిగించను. ఒక్కటి మాత్రం చేయలేదు. మినపగుళ్ల బస్తాలు ముందే దింపించలేదు. వానాకాలం, గోడలు చెమ్మగా ఉన్నాయి, పురుగు పడుతుందని భయం. పద్నాలుగేళ్లుగా సరుకు ఇస్తున్న షావుకారు కదా, శుక్రవారం ఒక బస్తా పంపమని చెప్పి రైలెక్కాను.

ఇక్కడ మినపగుళ్ల గురించి కొంచెం చెప్పాలి. ఇడ్లీ పొంగేది పప్పులోని జిగురు వల్ల. పిండి పులిసేటప్పుడు పుట్టే గాలిని పట్టి ఉంచేది ఆ జిగురే. మన వైపు వరి కోతకు ముందే పొలంలో మినుములు చల్లుతారు, మాఘ ఫాల్గుణాల్లో పంట చేతికి వస్తుంది. ఆ మినుముల గుళ్లు నానబెట్టి రుబ్బితే వెన్నలా లేస్తాయి. చుక్క తీసి గ్లాసుడు నీళ్లలో వేస్తే తేలుతుంది. ఏళ్లు నిలవున్న పప్పు ఎంతసేపు రుబ్బినా లేవదు, చుక్క అడుక్కి పోతుంది. బర్మా నుంచి వచ్చే మినుములూ మన బజారులో ఉంటాయి. అవి చెడ్డవని నేను అనను, తగినట్టు కొలత మార్చుకుంటే వాటితోనూ చక్కని ఇడ్లీ వస్తుంది. నా గొడవ ఒక్కటే: ఏది పంపుతున్నారో చెప్పి పంపాలి.

శుక్రవారం వచ్చిన బస్తా మీద ముద్ర ఎప్పటిదే. తిరిగొచ్చాక నేను చూసింది దాని మూతి. పాత కుట్టు తెల్లదారం. దానిమీద, అవే చిల్లుల్లోంచి కాకుండా కొంచెం పక్కగా, నీలం దారంతో మరో కుట్టు. చేయి లోపలికి పెడితే మోచేతి దాకా తెల్లటి పొడి అంటుకుంది. పిడికెడు తీసి నల్లగుడ్డ మీద పోస్తే సగం గుళ్లు తెలుపు, సగం పసుపుపచ్చ. రెండు రకాలు కలిపి మళ్లీ కుట్టిన బస్తా అది. దీనికి పెద్ద తెలివి అక్కర్లేదు, కళ్లుంటే చాలు.

షావుకారును అడిగితే ఏమన్నారో తెలుసా? "సరుకు అదేనమ్మా, మీ వీధిలో నీళ్లు మారి ఉంటాయి" అన్నారు. నీళ్లట! మర్నాడు మనసు మార్చుకుని ఒక బస్తా ఊరికే పంపారు. ఆటోకు 80 రూపాయలు నేనే ఇచ్చి తిప్పి పంపాను. బస్తా ఉంచుకుని ఉంటే నా నష్టం తీరేదని మా ఆయన ఇప్పటికీ అంటున్నారు. తీరేదే. ఉంచుకోను.

మళ్లీ ఆ శనివారానికి వస్తాను. తెల్లవారి చూస్తే పిండి పొంగలేదు. కొట్టు చూసుకుంటున్న అమ్మాయి భయపడింది. నేను ఊరు కాని ఊళ్లో పాపతో సతమతమవుతుంటానని ఫోను చేయలేదు. ఖాళీ గిన్నెలు చూసి జనం తిరిగిపోతే నా పరువు పోతుందనుకుంది. ఎదురుగా కిరాణా కొట్టులో సోడా పొట్లం తెచ్చి కలిపింది. ఆదివారమూ అంతే. ఆ అమ్మాయిని పనిలోంచి తీసేశారా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. తీయలేదు, తీయను. నా పరువు గురించి తనకు అంత భయం పెట్టింది నేనే.

నాకు ఎలా తెలిసిందంటే, మాస్టారు ఫోను చేశారు. రోజు విడిచి రోజు అరకిలో తీసుకెళ్లే మాస్టారు, మీలో చాలామందికి తెలుసు. సోమవారం పొద్దున, అప్పుడు మేం ఖరగ్‌పూర్‌లో ఉన్నాం. మా పాపకు కొత్త మొహమంటే గిట్టదు. అంతకుముందు మంగళవారం రాత్రి ఇక్కడ రైలెక్కాం. ఐదేళ్లలోపు పిల్లలకు టికెట్టు అక్కర్లేదు గాని బెర్తూ ఉండదు, అది నా పొట్ట మీదే పడుకుని ఒరిస్సా అంతా దాటింది. దిగాక ఎత్తుకోనివ్వలేదు. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారమ్ ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనది, కిలోమీటరు పైమాటే. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని దాటేశాయి గాని, ఇరవై నెలల పిల్ల వెనక నడిచేవాళ్లకు అది ఇప్పటికీ పొడవైనదే. ఇంటికి చేరాక ముత్తవ్వను చూసి ఒకటే ఏడుపు. నాలుగు రోజులు ఆవిడ మంచం దరిదాపులకు వెళ్లలేదు. ఆవిడ కూడా పిలవడం మానేసి, దూరం నుంచి గాజులు ఆడించి చూపిస్తూ కూర్చున్నారు.

సోమవారం పొద్దున ఫోను మోగింది. "అమ్మా, నిన్నటి ఇడ్లీ పసుపుపచ్చగా ఉంది, నోట్లో సబ్బులా తగిలింది. నాకు బీపీ అని నీకు తెలుసు. ఏమైనా కలిపారా?" అన్నారు మాస్టారు. "మా పిండిలోనా మాస్టారూ? మీ నోరు బాగులేదేమో చూసుకోండి" అన్నాను. ఆ మాట నేనే అన్నాను. తర్వాత కొట్టుకు చేస్తే ఆ అమ్మాయి వెక్కివెక్కి ఏడ్చింది. వీధిలో నిలబడి అరగంట మాట్లాడాను, వెంటనే కొట్టు మూయించాను. లోపలికి వచ్చేసరికి పాప ముత్తవ్వ ఒళ్లో ఉంది. కొరికిన ఇడ్లీ ముక్క ఆవిడ నోట్లో పెడుతోందట. ఆ ముక్క పెట్టడం అందరూ చూశారు, నేను తప్ప.

ఇంటికెళ్లి మాస్టారుకు క్షమాపణ చెప్పుకున్నాను. కాఫీ ఇచ్చారు గాని, పిండికి వస్తానని మాత్రం అనలేదు. ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్లు మీలో ఇంకా ఉంటే వాళ్లకూ చెబుతున్నాను: సోడాలోనూ ఉండేది సోడియమే, ఆ పిండి మిగిలి ఉంటే పారబోయండి.

ఆ రెండు రోజుల్లో 117 కిలోలు అమ్మినట్టు పుస్తకంలో ఉంది. కవరు చూపించనక్కర్లేదు, కొన్నామని చెబితే చాలు. డబ్బు కావాలంటే డబ్బు, పిండి కావాలంటే పిండి. 117 కిలోలకు మించి అడిగినా ఇస్తాను, ఎవరినీ ఎదురు ప్రశ్న వేయను. కొత్త గుళ్లు బొబ్బిలి వైపు రైతు దగ్గర నేరుగా తీసుకున్నాను, కిలోకు కొంచెం ఎక్కువే పడింది. సంక్రాంతి దాకా మన ధర మాత్రం మారదు. పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర వారంలో ప్రతి ఇంట్లో చుట్టాలే కాబట్టి ఆర్డర్లు ముందే చెప్పండి. గిన్నెలు పట్టినంతవరకే తీసుకుంటాను.

ఇంకో మార్పు ఖరగ్‌పూర్ నుంచి వచ్చింది. జరిగిందంతా విని ముత్తవ్వ నవ్వారు. "పొంగని పిండికి సోడా ఎందుకే, మూకుడులో పోసి దిబ్బరొట్టె కాల్చుకోమని చెప్పలేకపోయారా?" అన్నారు. గుమ్మం పక్కన పలక వేలాడదీశాం. పక్కనే గ్లాసుతో నీళ్లు ఉంటాయి. ఏ రోజైనా చుక్క మునిగితే పలక మీద "నేడు దిబ్బరొట్టె పిండి మాత్రమే" అని ఉంటుంది, కిలోకు పది రూపాయలు తగ్గిస్తాం. చుక్క మీరే వేసి చూసుకోవచ్చు. గురువారం తెల్లవారి ఐదున్నరకు తెరుస్తున్నాం. పాప కూడా అక్కడే ఉంటుంది, గ్లాసు దానికి అందనంత ఎత్తులో పెట్టించాను.