స్టేషన్ ఆవరణల్లో మట్టిపాలవుతున్న బండ్లు

సంపాదకులకు నమస్కారం.

హనుమకొండ కోర్టుల్లో ముప్పై ఏళ్లకు పైగా వకీలు గుమస్తాగా పనిచేసి విరమించినవాణ్ని. తప్పు చేసినవాడి బండిని సర్కారు జప్తు చేయడం మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. వాగుల్లో దొంగచాటుగా ఇసుక తోలే ట్రాక్టరునూ, గుడుంబా బట్టీలకు నల్లబెల్లం, పటిక చేరవేసే ఆటోనూ పట్టుకోకపోతే, జరిమానాను ఖర్చు కింద రాసుకుని మళ్లీ అదే పనికి దిగేవాళ్లు మన దగ్గర తక్కువేమీ లేరు. నా బాధల్లా జప్తు ఉత్తర్వు రాకముందే, ఒక్కోసారి కేసు కొట్టేసిన తరువాత కూడా, ఆ బండి పోలీసు స్టేషన్ ఆవరణలోనే ఎండకు ఎండి వానకు తడిసి మట్టిపాలు కావడం గురించే.

మా వాడకట్టులో ఒక ఆటో డ్రైవరు ఉన్నాడు. కిరాయికి వచ్చిన మనిషి నాలుగు బస్తాలు వేసి ఒక తండాకు పోనిమ్మంటే పోనిచ్చాడు. దారిలో ఆపి చూస్తే బస్తాల్లో ఉన్నది నల్లబెల్లం. ఆటో స్టేషన్‌కు చేరింది, కేసు నాలుగేళ్లు నడిచింది, చివరికి ఇతని మీద ఏమీ రుజువు కాలేదు. ఉత్తర్వు కాగితం పట్టుకుని బండి తెచ్చుకోవడానికి నన్నూ వెంట తీసుకెళ్లాడు. తీరా చూస్తే చక్రాలు లేవు, బ్యాటరీ లేదు, చిరిగిన సీటులోంచి తుమ్మమొక్క నడుమెత్తు పెరిగి ఉంది. వెనకాల వేయించుకున్న సమ్మక్క సారలమ్మల బొమ్మ మాత్రం రంగు వెలిసినా గుర్తుపట్టేలా ఉంది. అతను కాసేపు దానివైపే చూసి, ఏమీ అనకుండా పాత ఇనుము కొనేవాణ్ని పిలిపించాడు. ఆ ఆటో మీద తీసుకున్న ఫైనాన్సు కిస్తీలను, బండి రూపాయి సంపాదించకపోయినా, చేతనైనన్నాళ్లు కట్టాడు. ఇప్పుడు రోజుకింత అని కిరాయి కట్టి వేరొకరి ఆటో తోలుతున్నాడు.

చట్టం విధించే నష్టానికి ఒక కొలత ఉంటుంది. హెల్మెట్ లేకుండా పట్టుబడితే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సుకు దూరం. మైనరు చేతికి బండి ఇస్తే ఆ బండి రిజిస్ట్రేషన్ 12 నెలల పాటు రద్దు. కఠినమే అయినా ఎంత పోతుందో, ఎప్పటిదాకా పోతుందో అందులో రాసి ఉంది. 1978లో రాజ్యాంగ 44వ సవరణతో ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల జాబితా నుంచి తీసేసినప్పుడు కూడా, చట్టం అధికారంతో తప్ప ఎవరి ఆస్తినీ లాక్కోరాదని 300-ఎ అధికరణంలో రాసుకున్నాం. మా ఆటో డ్రైవరు బండి ఏ చట్టం అధికారంతో పోయిందో ఇన్నేళ్ల కోర్టు అనుభవం ఉన్న నేనే చెప్పలేకపోతున్నాను.

పట్టుకున్న బండ్లను ఏళ్ల తరబడి స్టేషన్లలో ఉంచి ప్రయోజనం లేదని, తగిన బాండు, జామీను తీసుకుని, పంచనామా, ఫొటోలు సిద్ధం చేసుకుని అప్పగించాలని, తీసుకోవడానికి ఎవరూ రాకపోతే వేలం వేయవచ్చని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. 2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 497వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకు వేసి, సొత్తు కోర్టు ముందుకు వచ్చిన 14 రోజుల్లో వివరాల పట్టిక తయారు కావాలని, ఫొటో లేదా వీడియో తీయించాలని, ఆపైన 30 రోజుల్లో దాని సంగతి తేల్చాలని గడువులు పెట్టింది. మేము సర్వీసులో ఉన్నన్నాళ్లూ బండి విడిపించమని వేసే అర్జీని ‘ఫోర్ ఫిఫ్టీ వన్ పిటిషన్’ అనేవాళ్లం; ఆ పాత కోడ్‌లోని 451వ సెక్షన్ స్థానంలో వచ్చింది ఇదే.

అయినా బండ్లు కదలకపోవడానికి పోలీసులను ఒక్కరినే అనడం న్యాయం కాదు. చాలా బండ్లు చేతులు మారినవి; కొన్నవాడు ఆర్సీ తన పేరు మీదికి మార్పించుకోడు, పాత ఓనరు కోర్టుకు రాడు, పిటిషన్ వేయడానికే దారి ఉండదు. ఎక్సైజ్, అటవీ కేసుల్లో జప్తు అధికారం శాఖాధికారి చేతిలో ఉండడం వల్ల కోర్టు అటు పొమ్మంటుంది, అక్కడ ఫైలు ఇంకా రాలేదంటారు. ఈలోగా వకీలు ఫీజు, జామీనుదారుడి ఖర్చు లెక్కేసుకుని, పాత మోటారు సైకిలు కోసం ఇంత ఎందుకని వదులుకునేవాళ్లను నేనే ఎందరినో చూశాను. నిజంగా జప్తు చేయదగిన బండి సంగతైనా అంతే. పట్టుకున్న ఏడాదిలో వేలం వేస్తే వచ్చే ధర, అయిదేళ్ల తరువాత పాత ఇనుము కింద ఎందుకు వస్తుంది?

కాబట్టి ఉమ్మడి వరంగల్ జిల్లాలోని న్యాయాధికారులు, పోలీసు, ఎక్సైజ్, అటవీ శాఖల ఉన్నతాధికారులు ప్రతి స్టేషన్‌లో ఉన్న బండ్ల నంబర్లు, పట్టుకున్న తేదీ, కేసు ఏ దశలో ఉందన్న వివరాలను నెలకోసారి నోటీసు బోర్డు మీద పెట్టించాలని, 497వ సెక్షన్ గడువు దాటిన బండ్లను ముందుగా తేల్చాలని, ఆర్సీ పేరు మారని బండ్ల విచారణకు న్యాయ సేవాధికార సంస్థ సాయంతో నెలలో ఒక రోజు కేటాయించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వకీలు గుమస్తా,
హనుమకొండ.